విశ్వాసమే మరో క్రియగా మారినప్పుడు

సంఘ పెద్దలకు, సహ సేవకులకు, పగలంతా పనిచేసి అలసిపోయి కూడా ఈ సాయంకాల కూడికకు వచ్చిన సహోదరీ సహోదరులందరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నాకు అప్పగించిన అంశం కృపచేత, విశ్వాసం ద్వారా కలిగే రక్షణ. దీనికి మూలమైన వాక్యం మీ అందరికీ కంఠతా వచ్చినదే. “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు” అని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. సండేస్కూలు పిల్లలు కూడా దీన్ని తడుముకోకుండా చెబుతారు. ఇంత బాగా నోటికి వచ్చిన వాక్యాన్ని మళ్లీ వివరించవలసిన పని ఏమిటని మీరు అడగవచ్చు. నోటికి వచ్చినంత తేలికగా ఇది మన మనసుకు ఎక్కలేదని, మన సంఘాల్లో కృప పేరుతోనే కూలి లెక్క నడుస్తోందని నా అభిప్రాయం. ఈ సాయంకాలం నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క విషయం గురించే.

మీరు క్రియలవల్ల రక్షణ పొందారా, విశ్వాసంవల్లనా అని ఇక్కడ ఎవరిని అడిగినా విశ్వాసంవల్లనే అంటారు. మీ పక్కింటివారికి దొరకని రక్షణ మీకెందుకు దొరికింది అని అడిగితే, “నేను నమ్మాను, వారు నమ్మలేదు” అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ “నేను” అన్న చోట మన గొంతు కాస్త పెరుగుతుంది. దానధర్మాలు, ఉపవాసాలు, తీర్థయాత్రలు చేసి పుణ్యం సంపాదించుకోవాలనుకునేవారిని చూసి జాలిపడే మనం, వారు ఎన్నో పనులతో కట్టాలనుకున్న వెలను ఒకే ఒక్క పనితో కట్టేశామని, ఆ పని పేరు విశ్వాసమని లోలోపల అనుకుంటాం. అలా అనుకున్న క్షణంలో క్రియలు దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి వచ్చేసినట్టే. “చేసుకున్నవారికి చేసుకున్నంత” అని మన పెద్దలు అన్న మాట మన నరనరాన ఉంది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన అది పోదు. కాకపోతే, “నమ్ముకున్నవారికి నమ్ముకున్నంత” అని రూపం మార్చుకుంటుంది.

అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఈ విషయాన్ని ఎలా తేల్చాడో కొంచెం నిదానంగా చూద్దాం. మూడో అధ్యాయం చివర ఆయన “కాబట్టి అతిశయకారణ మెక్కడ? అది కొట్టి వేయబడెను” అన్నాడు. ఆ మాటకు సాక్షిగా అబ్రాహామును పిలిచాడు. యూదుల దృష్టిలో అబ్రాహాము కంటే గొప్ప నీతిమంతుడు లేడు. దేవుడు పిలవగానే ఊరు విడిచి బయలుదేరినవాడు, కన్నకొడుకును సైతం అర్పించడానికి వెనుకాడనివాడు. క్రియలను బట్టి ఎవరైనా దేవుని ఎదుట నిలబడగలిగితే ఆయనే నిలబడాలి. అటువంటి మనిషి గురించి లేఖనం ఏమి చెబుతోందో చూడమంటాడు పౌలు: “అబ్రాహాము దేవుని నమ్మెను అది అతనికి నీతిగా ఎంచబడెను.” ఇది ఆదికాండము పదిహేనో అధ్యాయంలోని మాట. సున్నతి పదిహేడో అధ్యాయంలో వస్తుంది. పదహారో అధ్యాయం చివర ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాము వయస్సు 86 ఏళ్లు, సున్నతి పొందినప్పుడు 99 ఏళ్లు. అంటే ఆయనను నీతిమంతుడిగా ఎంచిన తరువాత కనీసం 13 ఏళ్లకు గాని ఆ ఆచారం రాలేదు. పౌలు వాదం ఈ కాలక్రమం మీదనే నిలబడింది. నీతి ముందు వచ్చింది, దానికి ముద్రగా సున్నతి తరువాత వచ్చింది. కాబట్టి సున్నతి లేని అన్యజనులకు కూడా అబ్రాహాము తండ్రి కాగలడు.

ఇంతవరకు మనందరికీ తెలిసినదే. తరువాతి రెండు వచనాలను మాత్రం మనం తొందరగా దాటేస్తుంటాం. “పని చేయువానికి జీతము ఋణమే గాని దానమని యెంచబడదు. పనిచేయక, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువానియందు విశ్వాసముంచువానికి వాని విశ్వాసము నీతిగా ఎంచబడుచున్నది.” కూలి మాట్లాడుకొని పనిచేసినవాడికి సాయంత్రం యజమాని డబ్బు ఇస్తే అది దయ కాదు, బాకీ తీర్చడం. ఇవ్వకపోతే అన్యాయం. పౌలు ఇక్కడ విశ్వాసాన్ని పని చేసేవాడి పక్కన పెట్టలేదు, పని చేయనివాడి పక్కన పెట్టాడు. పైగా ఆ విశ్వాసం ఎవరి మీద నిలిచింది? భక్తిపరులను మెచ్చుకొని బహుమానమిచ్చే దేవుని మీద కాదు. భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా తీర్చే దేవుని మీద. విశ్వాసమే ఒక యోగ్యత అయితే దాన్ని చూపినవాడు భక్తిహీనుడు ఎలా అవుతాడు? పౌలు ఆ మాటను ఎంచుకున్నది మన విశ్వాసాన్ని కూలిగా లెక్క కట్టే దారి మూసేయడానికే అని నేను చదువుకుంటాను.

అయితే అబ్రాహాము విశ్వాసం గొప్పది కాదా అని అడుగుతారు. గొప్పదే, కానీ అది దేన్ని చూసి గొప్పదైంది? “నిరీక్షణకు ఆధారము లేనప్పుడు” అతడు నమ్మాడు అంటుంది వాక్యం. అతని శరీరం మృతతుల్యం, శారా గర్భం మృతతుల్యం. అతని వైపు చూస్తే ఏమీ లేదు. దేవుడు “మృతులను సజీవులనుగా చేయువాడును, లేనివాటిని ఉన్నట్టుగానే పిలుచువాడును” కాబట్టి వాగ్దానం నిలిచింది. ఇక్కడ ఒక మాట. ఆదికాండము పదిహేడో అధ్యాయంలో అదే అబ్రాహాము సాగిలపడి నవ్వాడు. నూరేండ్ల వాడికి సంతానం కలుగుతుందా అని మనసులో అనుకున్నాడు. విశ్వాసులకు తండ్రి అయిన మనిషి విశ్వాసంలో నవ్వు కూడా ఉంది. దేవుడు ఆ నవ్వును పట్టుకొని వాగ్దానాన్ని వెనక్కి తీసుకోలేదు. పుట్టబోయే బిడ్డకు ఇస్సాకు, అంటే ‘నవ్వుతాడు’ అని పేరు పెట్టమన్నాడు.

విశ్వాసం నాది కాబట్టి అది నా వంతు అని అనుకోవడం ఈనాటి పామరుల పొరపాటు మాత్రమే కాదు. సంఘ చరిత్రలో కృప గురించి అందరికంటే ఎక్కువగా రాసిన, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను కూడా మొదట్లో అలాగే అనుకున్నాడు. దేవుడు పిలుస్తాడు, నమ్మడం మనది, నమ్మినవారికి మంచి పనులు చేసే శక్తి దేవుడిస్తాడు అని ఆయన తొలి వ్యాఖ్యానాల్లో రాశాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! బిషప్పు అయిన తొలినాళ్లలో, మిలాను నుంచి సింప్లీషియను అనే సంఘ సేవకుడు అడిగిన ప్రశ్నలకు జవాబు రాస్తూ, పుట్టకముందే దేవుడు ఒకరిని ఎన్నుకున్న యాకోబు ఏశావుల గురించిన రోమా తొమ్మిదో అధ్యాయాన్ని వివరించవలసి వచ్చినప్పుడు ఆ లెక్క నిలబడలేదు. కొరింథీయులకు పౌలు వేసిన ప్రశ్న ఆయనను ఆపింది: “నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?” విశ్వాసం కూడా పొందినదే అయితే దాన్ని బట్టి అతిశయించడం కుదరదు. చాలా ఏళ్ల తరువాత, 430లో చనిపోవడానికి కొద్దికాలం ముందు, దక్షిణ గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్స్) కొందరు భక్తులు విశ్వాసానికి తొలి అడుగు మాత్రం మనిషిదే అని వాదించినప్పుడు, నేనూ ఒకప్పుడు అలాగే పొరబడ్డానని ఆయన దాపరికం లేకుండా రాశాడు. ఆ వాదం ఆయన మరణంతో ముగియలేదు. 529లో ఆరెంజ్ పట్టణంలో కూడిన సభ, విశ్వాసం పెరగడమే కాక అది మొదలవడం కూడా కృపవల్లనే అని తీర్మానించింది.

మన దక్షిణాదిలో శ్రీవైష్ణవ ఆచార్యుల మధ్య శరణాగతి గురించి జరిగిన చర్చ తెలిసినవారికి ఈ చిక్కు కొత్తగా తోచదు. తల్లిని గట్టిగా కరచుకొని వేలాడే కోతిపిల్లలాగా జీవుడు తన వంతు పట్టు పట్టాలని వడగలై వారు, తల్లి నోట కరచుకొని తీసుకుపోయే పిల్లికూనలాగా ఉంటే చాలునని తెంగలై వారు అన్నారు. శరణు పొందడమే మనం చెల్లించే వెలగా మారిపోకూడదని తెంగలై పక్షం పట్టుబట్టింది. వారి దైవభావన, మోక్షభావన మనవాటికి భిన్నమైనవి. ఆ తేడాలను చెరిపివేయడం నా ఉద్దేశం కాదు. దయను గురించి లోతుగా ఆలోచించిన ప్రతిచోటా మనిషికి ఈ ముడి ఎదురైందని చెప్పడం వరకే.

ఇప్పుడు జర్మనీలో సంఘ సంస్కరణను ప్రారంభించిన మార్టిన్ లూథరు దగ్గరికి వద్దాం. 1517 అక్టోబరు 31, 95 సిద్ధాంత వాక్యాలు, పాపపరిహార పత్రాలు అమ్మిన టెట్సెల్ కథ మీరు ప్రతి సంస్కరణ పండుగకు వింటూనే ఉన్నారు కాబట్టి దాన్ని వదిలేస్తాను. అంతకుముందు మఠంలో ఆయనను పీడించినది ఏమిటో చూడటం మనకు ఎక్కువ అవసరం. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరిన ఈ యువకుడు ఉపవాసాలు, జాగరణలు, ప్రార్థనలు తక్కువ చేయలేదు. క్రియలు చాలలేదేమో అన్న భయం కంటే లోతైన భయం ఒకటి ఆయనలో ఉండేది. నా పశ్చాత్తాపం నిజమైనదేనా? నేను దేవుణ్ణి ప్రేమిస్తున్నందుకు పాపం ఒప్పుకుంటున్నానా, నరకానికి భయపడి ఒప్పుకుంటున్నానా? పాపాలన్నీ గుర్తు తెచ్చుకున్నానా, ఏదైనా మిగిలిపోయిందా? తన లోపలి మనసును తానే తవ్వుకుంటూ పోయాడు, ఎంత తవ్వినా గట్టి నేల తగలలేదు. ఆయన పై అధికారి స్టౌపిట్స్, నీలోకి చూసుకోవడం మాని క్రీస్తు గాయాలను చూడమని సలహా ఇచ్చాడని లూథరే తరువాత కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. 1515, 1516లలో విట్టెన్‌బర్గులో రోమా పత్రికను బోధించాడు. “నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును” అన్న మాటలో దేవుని నీతి మనల్ని శిక్షించే నీతి కాదని, మనకు దానంగా ఇచ్చే నీతి అని తెలిసినప్పుడు పరదైసు ద్వారాలు తెరుచుకున్నట్టయిందని, చనిపోవడానికి ముందటి సంవత్సరం 1545లో ఆయన రాశాడు.

లూథరు పేరు పెట్టుకున్న సంఘాల్లో మనం ఆ భయాన్ని అలాగే తిరిగి తెచ్చుకున్నాం, పేరు మాత్రం మార్చాం. అప్పుడు “నా పశ్చాత్తాపం చాలిందా?” అన్నారు. ఇప్పుడు “నా విశ్వాసం చాలిందా?” అంటున్నాం. తవ్వేది అదే గొయ్యి. సంస్కరణ సంఘాల పెద్దలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించారు. 1563లో వెలువడిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 61వ ప్రశ్నలో, విశ్వాసం మాత్రం చేతనే నీతిమంతుడనని ఎందుకు అంటున్నావు అని అడిగి, నా విశ్వాసానికి ఉన్న యోగ్యతను బట్టి దేవుడు నన్ను అంగీకరించాడని దీని భావం కాదు, క్రీస్తు నీతి, పరిశుద్ధతలే దేవుని ఎదుట నా నీతి అని జవాబు నేర్పింది. ఈ జవాబు ఒక్కటి పిల్లలకు నేర్పితే పెద్దయ్యాక వారు సగం మనోవేదన తప్పించుకుంటారు.

రోమను కతోలిక సహోదరులతో మనకున్న భేదాన్ని నేను చిన్నది చేయను. 1547లో ట్రెంట్ మహాసభ నీతిమంతులుగా తీర్చబడటం గురించి 16 అధ్యాయాలు, 33 నియమాలు ప్రకటించి, విశ్వాసం మాత్రమే చాలునన్న బోధను తాను అర్థం చేసుకున్న తీరులో శాపగ్రస్తం చేసింది. కానీ అదే తీర్మానం ఎనిమిదో అధ్యాయంలో, నీతిమంతులుగా తీర్చబడక ముందు ఉన్న విశ్వాసం గాని క్రియలు గాని ఆ కృపను సంపాదించలేవని రాసి ఉంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు పట్టణంలో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన, మన యోగ్యతను బట్టి కాక కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు పక్షాల తరఫున చెప్పింది. మన ప్రసంగ వేదికల మీద మాత్రం కతోలికులది క్రియల మతం, మనది విశ్వాస మతం అని ఇంకా ఒకే మాటలో తేల్చేస్తుంటాం. అలా తేల్చేవారి ప్రసంగాల్లోనే ఎక్కువ క్రియలు వినిపిస్తాయి అన్నది నేను గమనించిన సంగతి.

లూకా పదిహేనో అధ్యాయం తెరవండి. తప్పిపోయిన కుమారుడి కథను మనం పశ్చాత్తాపానికి మాదిరిగా బోధిస్తాం. వాడికి బుద్ధి ఎప్పుడు వచ్చింది? “నా తండ్రియొద్ద ఎంతోమంది కూలివాండ్రకు అన్నము సమృద్ధిగా ఉన్నది, నేనైతే ఇక్కడ ఆకలికి చచ్చిపోవుచున్నాను” అనుకున్నప్పుడు. తండ్రి మీద బెంగతో వాడు బయలుదేరినట్టు వాక్యం చెప్పలేదు. వాణ్ణి కదిలించినది అన్నం. దారిలో ఒక ఒప్పందం కూడా సిద్ధం చేసుకున్నాడు: “నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము.” కొడుకు స్థానం పోయింది, కూలికి కుదిరితే తిండికి లోటుండదు అన్నది వాడి లెక్క. ఇంటికి చేరాక, తాను పాపం చేశానని, కుమారుడనిపించుకోవడానికి యోగ్యుడు కాదని చెప్పాడు. కూలి మాట మాత్రం బయటికి రాలేదు. అంతకుముందే తండ్రి పరుగెత్తి వచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. ఆ వెంటనే ప్రశస్త వస్త్రం తెమ్మని దాసులతో చెబుతున్నాడు. కొడుకు మనసు ఎంత శుద్ధంగా ఉందో తండ్రి విచారణ చేయలేదు. ఇక ఇంట్లోనే ఉన్న పెద్దవాడు, “ఇన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే” అని మొదలుపెట్టి మేకపిల్ల దాకా లెక్క చెప్పాడు. ఇద్దరు కొడుకుల తలలోనూ ఉన్నది కూలి లెక్కే. చిన్నవాడు ఆ లెక్క చెప్పకముందే ఇంట్లోకి వెళ్లిపోయాడు, పెద్దవాడు గుమ్మం బయట నిలబడి అదే చెబుతున్నాడు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఒంగోలు గుర్తుకు వస్తుంది. అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో పని ప్రారంభించినప్పుడు, తోలు వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు ఆయన దగ్గరికి వచ్చారు. వీరిని చేర్చుకుంటే మేము రాము అని ఊళ్లోని పై కులాలవారు స్పష్టం చేశారు. అటువంటి సమయంలో కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని మాటలు ఆయన నిర్ణయానికి ఆధారమయ్యాయని మిషను చరిత్ర చెబుతోంది. లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదని, దేవుని ఎదుట ఏ శరీరీ అతిశయించకుండా ఉండటానికే అలా జరిగిందని పౌలు రాసిన భాగం అది. పదేళ్ల తరువాత 1876 నుంచి 1878 వరకు ధాత కరువుగా మన పెద్దలు చెప్పుకున్న ఘోరమైన కాలం వచ్చింది. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి చెల్లించాడు. ఆ కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. సాయం ముగిశాక మళ్లీ ప్రారంభించినప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కూలిని, బాప్తిస్మాన్ని ఆయన వేరువేరుగా ఉంచడం సరైన పనే అని నేను నమ్ముతాను. కాలువ తవ్వినవాడికి ఇచ్చిన డబ్బు పౌలు చెప్పినట్టు ఋణమే, వాడు చెమటోడ్చి సంపాదించుకున్నదే. బాప్తిస్మం ఆ ఖాతాలో పడకూడదు. అయితే దాదాపు 150 ఏళ్లుగా ఆ ప్రజల మనుమలు, మునిమనుమలు ఒకే ప్రశ్నను ఎదుర్కొంటున్నారు: “మీ తాతలు తిండి కోసం చేరారు కదా?” దీనికి మనవాళ్లు సాధారణంగా బాధతో, “లేదు, వారి విశ్వాసం స్వచ్ఛమైనది” అని వాదిస్తారు. చరిత్ర ప్రకారం ఆ వాదానికి బలం ఉంది; సాయం ముగిశాకే కదా వేలమంది వచ్చింది. కానీ వేదాంతపరంగా మనం అంత తొందరగా ఆ ప్రశ్నకు లొంగనక్కరలేదు. ఆకలి, అవమానం, ఊరి పొలిమేరల్లో బతుకు, దేవుని మీద ఆశ అన్నీ ఒకే గుండెలో కలిసి ఉన్నవారు నీళ్లలోకి దిగి ఉండవచ్చు. అలా దిగితే వారు తప్పిపోయిన కుమారుడి కంటే తక్కువవారేమీ కాదు. “రొట్టెలు భుజించి తృప్తి పొందుటవలననే నన్ను వెదకుచున్నారు” అని జనాన్ని నిలదీసిన ప్రభువు ఆ జనానికే జీవాహారం గురించి అధ్యాయమంతా బోధించాడు. కడుపు నిండిన ఇంట్లో పుట్టి, ఊయల వయసులో బాప్తిస్మం పొంది, ఉద్యోగం, పెళ్లి, బంధుబలగం అన్నీ సంఘంలోనే దొరికిన మనల్ని, నువ్వు ఏ ఉద్దేశంతో క్రైస్తవుడిగా ఉన్నావు అని ఎవరూ అడగరు. ఉద్దేశశుద్ధి పరీక్ష ఎప్పుడూ పేదవాడికే పెడతారు. భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా తీర్చే దేవుడు ఆ పరీక్ష పెట్టి ఉంటే, గుండ్లకమ్మ ఒడ్డున నిలబడినవారికంటే ముందు మనమే తప్పేవాళ్లం.

పరిసయ్యుడు, సుంకరి ప్రార్థనకు వెళ్లిన ఉపమానంలో కూడా మనం సరిగా గమనించని మాట ఒకటుంది. పరిసయ్యుడు తన గొప్ప తానే సాధించుకున్నానని అనలేదు. “దేవా… నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను” అన్నాడు. అంటే తన నీతి దేవుని వరమే అని నోటితో ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును పట్టుకొనే పక్కనున్న సుంకరిని తూచాడు. “కేవలం దేవుని కృపే” అని మొదలుపెట్టి, తెల్లవారుజామున లేచి ఎన్ని గంటలు ప్రార్థించారో, ఎన్ని రోజులు ఉపవాసమున్నారో, ఎంత కానుక ఇచ్చారో చెప్పి, అందుకే దేవుడు ఇల్లు కట్టించాడని ముగించే సాక్ష్యాలు మనం వింటూనే ఉన్నాం. నేను ప్రార్థనను, ఉపవాసాన్ని, కానుకను తక్కువ చేయడం లేదు. వాటిని ధర చీటీలాగా చదవడాన్ని అభ్యంతరపెడుతున్నాను. విత్తనం నాటితే నూరంతలు కోస్తారని కానుకలడిగే వేదికల గురించి వేరే చెప్పనక్కరలేదు. టెట్సెల్ కనీసం కాగితమైనా చేతికి ఇచ్చాడు.

మరి ఏమి చేసినా చేయకపోయినా ఒకటేనా? ఈ ప్రశ్న పౌలుకు కూడా ఎదురైంది. “కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు” అన్నాడు. ఎఫెసీ పత్రికలో మనం తొమ్మిదో వచనం దగ్గర ఆపేస్తాం గాని, పదో వచనం మనం “సత్‌క్రియలు చేయుటకై” క్రీస్తుయేసునందు సృష్టింపబడినవారమని, మనం దేవుడు చేసిన పని అని చెబుతుంది. యాకోబు పత్రిక దీనికి అడ్డు కాదు. లూథరు ఆ పత్రికను గడ్డితో పోల్చాడు. ఆ మహానుభావుడి తీర్పుల్లో నేను అంగీకరించలేనివాటిలో అదొకటి. పౌలు ఆదికాండము పదిహేనో అధ్యాయంలో నక్షత్రాల కింద నిలబడిన అబ్రాహామును చూపిస్తే, యాకోబు ఇరవై రెండో అధ్యాయంలో ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన అబ్రాహామును చూపించాడు. మొదటి అబ్రాహాము లేకుండా రెండో అబ్రాహాము లేడు. యాకోబు ఎదుట ఉన్న మనిషి ఎవరు? చలికి వణికే సహోదరుడికి బట్ట ఇవ్వకుండా “సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి” అని చెప్పి పంపేవాడు. అతడికి ఉన్నది దేవుడొక్కడే అన్న సమాచారం. అది దయ్యాలకూ ఉంది, అవి కనీసం వణుకుతున్నాయి అంటాడు యాకోబు. కూలి దొరకదని తెలిసినా చేసే పని ఒకటుంటుంది. “ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము” అని గలతీ పత్రిక చెప్పింది దాన్నే. లెక్క రాసుకునేవాడికి పొరుగువాడు తన పుణ్యానికి సాధనంగా మిగులుతాడు. లెక్క తీరిపోయిందని తెలిసినవాడే పొరుగువాణ్ణి పొరుగువాడిగా చూడగలడు.

చివరగా, ఇక్కడ ఉన్న కాపరులకు, బైబిలు స్త్రీలకు, ప్రార్థన బృందాలవారికి ఒక మనవి. రోగి మంచం పక్కన నిలబడి, “నీకు విశ్వాసం ఉంటే లేస్తావు” అనకండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో, “ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుంది” అనకండి. ఈ మాటలు మన మధ్య ఎంత మామూలైపోయాయంటే, అన్నవారికి అవి గుర్తు కూడా ఉండవు. విన్నవారు మాత్రం ఏళ్ల తరబడి తమ లోపలే ఆ అవిశ్వాసాన్ని వెతుక్కుంటూ ఉంటారు. “కాగా వినుట వలన విశ్వాసము కలుగును, వినుట క్రీస్తును గూర్చిన మాటవలన కలుగును” అని రోమా పదో అధ్యాయంలో ఉంది. నా విశ్వాసం చాలుతుందా అని ఎవరైనా అడిగితే, వారి విశ్వాసాన్ని కొలిచి చెప్పే పని మనది కాదు. క్రీస్తు చేసినదాన్ని మళ్లీ వినిపించడమే మన పని. ఆయన ఎవరికోసం చనిపోయాడో, ఎవరితో కూర్చొని భోజనం చేశాడో, పక్క సిలువ మీది నేరస్థుడితో ఏమన్నాడో, తెలిసిన మాటలే అయినా, మెల్లగా చదవండి. మీ వ్యాఖ్యానం అక్కడ అవసరం ఉండకపోవచ్చు.

మార్కు తొమ్మిదో అధ్యాయంలో ఒక తండ్రి ఉన్నాడు. కొడుకు చిన్నప్పటినుంచి మూర్ఛలతో నిప్పుల్లోను నీళ్లలోను పడుతున్నాడు. శిష్యులు ప్రయత్నించారు, వారివల్ల కాలేదు. చుట్టూ శాస్త్రులు వాదులాడుతున్నారు. అలసిపోయిన ఆ మనిషి, “ఏమైనను నీవలననైతే మామీద కనికరపడి మాకు సహాయము చేయుము” అన్నాడు. నమ్మేవాడికి సమస్తం సాధ్యమే అని ప్రభువు అన్నప్పుడు ఆయన, “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము” అని కేక వేశాడు. అపనమ్మకం ఉందని స్వయంగా ఒప్పుకున్నాడు. ముందు అది తొలగించుకొని రమ్మని ప్రభువు ఆయనను వెనక్కి పంపలేదు. ఆ తరువాతి వచనాల్లో దయ్యాన్ని గద్దించాడు, పిల్లవాడి చెయ్యి పట్టి లేవనెత్తాడు, వాడు నిలబడ్డాడు. తండ్రి అపనమ్మకం ఆ రోజుకు ఎంత తగ్గిందో మార్కు రాయలేదు.